వీథిబడి యరుగు

బెంగుళూరున ఎలక్ట్రానిక్ సిటీ కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామముల నేలపై వెలసినది. అచ్చటి అద్దాల మేడలలో పనిచేయు తెలుగువారిలో అనంతపురము సీమవారును గలరు. రెండువందల యేండ్ల క్రిందట వారి సీమలో బడి యెట్టిదో తెలిసికొందము.

అనంతపురము 1882 వఱకు బళ్ళారి జిల్లాలోనిది. ఆ జిల్లా కలెక్టరు కాంబెల్ 1823లో వ్రాసిన నివేదికలో బడులు 533. అందు తెలుగు బడులు 226. ఆ కాలపు వీథిబడికి తఱచు వేఱు భవనము లేదు, ఇంటి ముంగిటి యరుగే బడి. ఎత్తైన తిన్నె, కొయ్య స్తంభములు, పైని చూరు. వెలుతురు వీథివైపు నుండి వచ్చును. ఇసుకయే పలక, వ్రేలే బలపము. మొదట వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు!

ఇట్టి బడిని మేము కేవలము కొనియాడజాలము. 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందియే. వీథికి తెఱచియున్న యరుగు ఊరందఱికిని తెఱచి యుండలేదు. అయినను వీథి వెడల్పు చేయునపుడు ముందుగా కూలునది యరుగే. సెలవులకు స్వగ్రామములకు పోవు మిత్రులు మిగిలిన యరుగు నొక్కదానినైనను కొలిచి, ఛాయాపటము తీసి యుంచవలెనని మా మనవి.