స్కోపు బిగింపు – గురి కుదిరే తీరు

మా గురి సాధన బృందంలో ఒక విద్యార్థి మూడు వారాలు వరుసగా గురి తప్పినాడు. చేయి వణుకుతున్నదని మేమందరం తీర్పు చెప్పినాము. అతడు సాధన మానుకొనుటకు సిద్ధపడిన నాడు ఒక మిత్రుడు రైఫిల్‌పైనున్న స్కోపును వేలితో నెట్టి చూచినాడు. అది కదిలింది! ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

స్కోపు కొనేవారు మొదట “ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుంది?” అని అడుగుతారు. అది చివర అడుగవలసిన ప్రశ్న. పెద్దదిగా చూపినకొద్దీ కనిపించే మేర తగ్గుతుంది, చేతి వణుకు సైతం పెద్దదవుతుంది. మా 10 మీటర్ల సాధనకు 4 రెట్లు చాలును. (ఇంత దూరపు అంతర్జాతీయ ఎయిర్ రైఫిల్ పోటీలలో స్కోపునకు అనుమతే లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినది రంధ్రపు గురితోనే.) 100 గజాలకు సరిచేసిన స్కోపుతో ఇంత దగ్గర చూస్తే, కన్ను కొద్దిగా ప్రక్కకు జరుగగానే గీతలు లక్ష్యంపై జరిగినట్లు తోస్తుంది. కాబట్టి దగ్గరి దూరానికి సరిచేయగల రకాన్నే ఎన్నుకొనవలెను.

మావి స్ప్రింగు ఎయిర్ రైఫిళ్ళు. వీటిని చిన్నచూపు చూడరాదు. లోపలి పిస్టన్ ముందుకు దూకగానే రైఫిల్ వెనుకకు తన్నుతుంది. పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. ఈ రెండు వైపుల దెబ్బకు తగినట్లు చేయని స్కోపు, పెద్ద తుపాకిపై నిలిచినదైనా, దీనిపై పాడు కావచ్చును. మౌంటు జారకుండా ఆపే పిన్ను తప్పనిసరి. మా రైఫిల్‌కు లేనిది అదే.

బిగించేటప్పుడు ముందుగా స్క్రూలు వదులుగా ఉంచి, రైఫిల్‌ను భుజానికి ఆనించి, నిండు వృత్తం కనిపించేదాకా స్కోపును ముందువెనుకలకు జరుపవలెను. సాధారణంగా కంటికి 8, 9 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. తరువాత రైఫిల్‌ను వాలకుండా నిలిపి, ఎదురుగా దారానికి బరువు కట్టి వ్రేలాడదీసి, నిలువు గీతను ఆ దారంతో కలుపవలెను. స్క్రూలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించవలెను.

ఇక క్లిక్కులు. పావు మినిట్ స్కోపులో ఒక క్లిక్కు 100 మీటర్ల వద్ద సుమారు 7 మిల్లీమీటర్లు జరుపుతుంది. 10 మీటర్ల వద్ద 0.7 మాత్రమే. అక్కడ 4 క్లిక్కులతో వచ్చే మార్పునకు ఇక్కడ 40 కావలెను. నాలుగు త్రిప్పి “స్కోపు పనిచేయదు” అన్నవారిలో మేమూ ఉన్నాము.

పిన్ను అమర్చిన సాయంకాలం ఆ విద్యార్థి కాల్చిన ఐదు గుండ్లూ రూపాయి బిళ్ళంత చోటులో పడినవి. మేము క్షమాపణ చెప్పినాము.