నల్ల స్క్రీన్ వెనుక 1978 నాటి మెషీన్.. తెలుగు అక్షరాలు టెర్మినల్‌లో ఎందుకు చెదిరిపోతాయి?

సినిమాల్లో హ్యాకర్ సీన్ అనగానే ఏం చూపిస్తారు? నల్ల స్క్రీన్, దానిపై టకటకా పరుగెత్తే పచ్చ అక్షరాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రోజూ వాడే ‘టెర్మినల్’ విండో కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. చూడ్డానికి చాలా సింపుల్. కానీ ఆ విండో నిజానికి ఓ పాత మెషీన్‌లా నటిస్తున్న సాఫ్ట్‌వేర్. 1980ల్లో దానికి ఆ నటన నేర్పడానికి ఇంజినీర్లు పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అప్పటి లెక్కలు మన తెలుగును ఇప్పటికీ ఎందుకు ఇబ్బంది పెడుతున్నాయో చూద్దాం.

అసలు టెర్మినల్ అంటే?

ఒకప్పుడు ఒక పెద్ద కంప్యూటర్‌ను చాలామంది పంచుకునేవారు. ఒక్కొక్కరి ముందు ఉండేది స్క్రీన్, కీబోర్డు ఉన్న టెర్మినల్ మాత్రమే. టైప్ చేసింది కేబుల్ ద్వారా పంపడం, వచ్చింది చూపించడం.. అదే దాని పని. వీటిలో బాగా పాపులర్ అయింది వీటీ100. అమెరికా కంపెనీ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో దీన్ని తెచ్చింది. మామూలుగా స్క్రీన్‌పై 24 లైన్లు, లైన్‌కి 80 అక్షరాలు పట్టేవి. ‘స్క్రీన్ తుడిచెయ్’, ‘కర్సర్‌ను పైకి జరుపు’ లాంటి ఆదేశాలు ‘ఎస్కేప్’ అనే కోడ్‌తో మొదలయ్యేవి.

ఆ తర్వాత వర్క్‌స్టేషన్లు వచ్చాయి. 1982లో మొదలైన సన్ మైక్రోసిస్టమ్స్ లాంటి కంపెనీలు పెద్ద స్క్రీన్, మౌస్, సొంత ప్రాసెసర్ ఉన్న మెషీన్లు అమ్మాయి. అయితే అప్పటికే ఉన్న ప్రోగ్రాములు ఎక్కువగా టెర్మినల్ కోసం రాసినవే. వాటిని పారేయలేరు కదా! అందుకే టెర్మినల్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. అదే టెర్మినల్ ఎమ్యులేటర్. ఇప్పటికీ వాడుతున్న ‘ఎక్స్‌టర్మ్’ అలా పుట్టిందే. 1984 వేసవిలో మార్క్ వాండెవూర్డ్ అనే విద్యార్థి వాక్స్‌స్టేషన్ 100 కోసం దీన్ని మొదలుపెట్టారు.

చిక్కు 1: స్పీడ్

వీటీ100 గుర్తుపెట్టుకోవాల్సింది 24 లైన్లు, 80 అక్షరాలు. అంటే 1,920 అక్షరాలు. వాటిని చుక్కలుగా గీసే పని హార్డ్‌వేర్ చూసుకునేది. వర్క్‌స్టేషన్‌లో అలా కుదరదు. సన్-2 స్క్రీన్ సైజు 1152x900. అంటే 10 లక్షలకు పైగా చుక్కలు. బ్లాక్ అండ్ వైట్‌లోనే దాదాపు 1.3 లక్షల బైట్ల మెమరీ. స్క్రీన్ నిండా ఉన్న టెక్స్ట్ ఒక్క లైన్ పైకి జరగాలంటే దాదాపు ఇదంతా కదలాలి. ప్రాసెసర్ స్పీడేమో 10 మెగాహెర్ట్జ్! అందుకే కొత్త మెషీన్‌లో టెక్స్ట్ స్క్రోల్ చేయడం పెద్ద పనైపోయింది. దీనికి ఎక్స్‌టర్మ్‌లో ‘జంప్ స్క్రోల్’ పెట్టారు. ఒక్కో లైన్ కాకుండా కొన్ని లైన్లను ఒకేసారి జరిపేయడం అన్నమాట.

చిక్కు 2: పాత మెషీన్ అలవాట్లు

80వ అక్షరం టైప్ చేశాక కర్సర్ ఎక్కడుండాలి? కింది లైన్‌కి వెళ్లాలి అనుకుంటాం. వీటీ100 మాత్రం అక్కడే ఆగి, 81వ అక్షరం వచ్చాకే కిందికి దిగేది. చిన్న విషయమే. కానీ ఎమ్యులేటర్ ఇది పాటించకపోతే స్క్రీన్ మొత్తం ఒక లైన్ తప్పిపోతుంది. పైగా ఒక్కో కంపెనీ టెర్మినల్‌ది ఒక్కో అలవాటు. వీటన్నిటినీ ఒకచోట రాసిపెట్టేందుకు, తర్వాత సన్ సహవ్యవస్థాపకుడైన బిల్ జాయ్ 1978లోనే ‘టర్మ్‌క్యాప్’ తయారుచేశారు.

చిక్కు 3: విండో సైజు

టెర్మినల్ స్క్రీన్ సాగదు. విండోను మాత్రం మౌస్‌తో ఎలాగైనా లాగొచ్చు. ఆ సంగతి లోపలున్న ప్రోగ్రామ్‌కి తెలియదు. అది పాత కొలతతోనే గీస్తుంది, అక్షరాలన్నీ కలగాపులగం అవుతాయి. దీనికోసం యూనిక్స్‌లో ‘సైజు మారింది’ అని చెప్పే సిగ్నల్‌ను కొత్తగా చేర్చారు. వేరే కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయితే? ఆ కొలత అక్కడికీ చేరాలి. టెల్‌నెట్‌లో ఇందుకు ప్రామాణిక పద్ధతి 1988లో వచ్చింది.

మరి తెలుగుకి వచ్చిన తంటా ఏంటి?

ఇవాళ్టి మ్యాక్, లైనక్స్, విండోస్ టెర్మినళ్లు కూడా వీటీ100 కుటుంబం కోడ్‌లనే అర్థం చేసుకుంటాయి. దాంతోపాటు గళ్ల లెక్క కూడా వచ్చేసింది. ఒక అక్షరానికి ఒక గడి. ఇంగ్లిష్‌కి ఓకే. కానీ ‘స్త్రీ’ అనే మాట తీసుకోండి. మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.. మొత్తం 6 కోడ్‌లు. దీనికి ఎన్ని గళ్లు ఇవ్వాలి? ఈ లెక్క దగ్గర ప్రోగ్రామ్‌కి, టెర్మినల్‌కి మాట కలవకపోతే కర్సర్ ఒకచోట, అక్షరం మరోచోట ఉంటాయి. చాలా టెర్మినళ్లలో వత్తులు విడిపోయి కనిపించేది కూడా తెలుగును గడి గడిగా గీయబోయే సరికే.

ఈ రెండు విషయాలు గుర్తుంచుకోండి

టెర్మినల్‌లో ఉన్నట్టుండి పిచ్చి గుర్తులు వస్తే, ఏదో ఫైల్‌లోని కోడ్‌ను అది ఆదేశం అనుకుని ఉండొచ్చు. లైనక్స్, మ్యాక్‌లలో ‘రీసెట్’ కమాండ్ కొడితే చాలాసార్లు సెట్ అయిపోతుంది.

తెలుగు ఫైల్ చెదిరిపోయి కనిపిస్తే పాడైపోయిందని వెంటనే డిలీట్ చేయకండి. అదే ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అక్కడ సరిగ్గా కనిపిస్తే మీ ఫైల్ సేఫ్. తేడా టెర్మినల్ చూపించే తీరులోనే ఉందన్నమాట.