స్పర్శ మనకు తెలియుట ఎట్లు?

నరసాపురము ప్రాంతమున లేసు అల్లు స్త్రీలను మన పాఠకులలో అనేకులు చూచియే యుందురు. వారు అరుగుపై కూర్చుండి, ఇరుగుపొరుగువారితో మాటలాడుచునే దారమును సూదికి తగిలించి ముడి లాగుదురు. ముడి బిగువైనదో వదులైనదో వారికి వ్రేళ్ళే చెప్పును. అయితే వ్రేళ్ళు ఆ మాట చెప్పునది ఎవరికి?

చర్మములోని నరముల కొనలు దారపు ఒరిపిడిని స్వల్పమైన విద్యుత్ సంకేతముగా మార్చి, వెన్నుపాము మార్గమున మెదడునకు పంపును. మణికట్టు నుండి ఈ వార్త మెదడు పైపొరను చేరుటకు పట్టు కాలము సెకండులో సుమారు ఏబదవ వంతు మాత్రమే. కుడిచేతి వార్త మొదట మెదడు ఎడమ భాగమునకు పోవును. ఏ అవయవపు వార్త మెదడులో ఎచట దిగునో 1937లో కెనడాలోని పెన్‌ఫీల్డ్, బోల్డ్రే అను వైద్యులు వివరముగా ప్రకటించిరి. వీపంతటికి దొరకిన చోటుకంటె చేతివ్రేళ్ళకు దొరకిన చోటు మిక్కిలి పెద్దది!

కాని వార్త ఒక్కచోట దిగినంతమాత్రమున పని ముగియదు. స్పర్శను గ్రహించు తొలి కేంద్రము, దాని సమీపమున నున్న రెండవ కేంద్రము, చేతిని కదలించు కేంద్రము కలిసి పనిచేయవలయును. నాట్లు వేయు స్త్రీలు పాట పట్టునకు ఒక్కసారిగా వంగి లేచుట మన డెల్టాలో ఎరుగనివారు లేరు. మెదడులోని నాడీకణములును అట్లే సెకండునకు అనేక పర్యాయములు ఒకే తాళమున స్పందించుచుండును. పోలిక ఇంతవరకే, అచట పాట అందిచ్చు పెద్ద యొకతె లేదు. కోతులపై జరిపి 2000లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, వ్రేలి స్పర్శపై దృష్టి నిలిపినపుడు రెండవ కేంద్రములోని కొన్ని కణములు మునుపటికంటె హెచ్చుగా ఒకేసారి స్పందించినట్లు తేలినది. ఈ ఏకతాళమే స్పర్శజ్ఞానమునకు కారణమా, దానితోపాటు జరుగు పనియా అనునది నేటికిని చర్చలోనే యున్నది.

ఇంతటి యేర్పాటును నరమను దారిపైననే ఆధారపడియున్నది. కుష్ఠువ్యాధి సూక్ష్మజీవి ఆ దారినే చెరచును. వ్రేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలునని పూర్వము తలచెడివారు. అది నిజము కాదని వేలూరులో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ చూపెను. వేడిగిన్నె కాల్చినను, ముల్లు గుచ్చుకొన్నను తెలియకపోవుటచే పుండ్లు పడి వ్రేళ్ళు చెడును. మందు సూక్ష్మజీవిని చంపును గాని, పూర్తిగా చెడిన నరమును తిరిగి తేలేకపోవచ్చును.

కావున పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ కనబడినను, చిటికెనవ్రేలు మొద్దుబారినను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలయును. మొద్దుబారుటకు మధుమేహము వంటి ఇతర కారణములును కలవు. ఏదియో వైద్యుడే తేల్చవలయును. కుష్ఠువైనచో ఆరు లేక పన్నెండు నెలల మందును ఉచితముగా ఇత్తురు. పరీక్షలో నొప్పి లేదు. కన్నులు మూసికొమ్మని, దూదిపోగుతో చర్మమును మెల్లగా తాకి, ఎచట తాకినదో వ్రేలితో చూపుమని అడుగుదురు.