డీ-ఐడెంటిఫికేషన్

ఆరోగ్య డేటా వార్తల్లో తరచూ వినిపిస్తున్న మాట ఇది. రోగి ఎవరో పోల్చుకోవడానికి వీలిచ్చే వివరాలను సమాచారం నుంచి తీసేయడమే డీ-ఐడెంటిఫికేషన్.

అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన గోప్యతా నిబంధనలు ఇందుకు రెండు దారులు చూపాయి. ఒకటి, నిపుణుడి నిర్ధారణ. రెండోది ‘సేఫ్ హార్బర్’: పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఫొటో వంటి 18 రకాల గుర్తులు తొలగించాలి. తేదీల్లో సంవత్సరం మాత్రమే ఉంచొచ్చు. వయసు 89 దాటితే ‘90, ఆపైన’ అనాలి.

అక్కడ మెడికల్ సీటుకు దరఖాస్తు చేసే తెలుగు పిల్లలకూ ఇది అవసరమే. దరఖాస్తుతో ఇచ్చే వ్యాసంలో చాలామంది తాము చూసిన రోగి గురించి రాస్తారు. ఆసుపత్రి వాలంటీర్లకూ హిపా వర్తిస్తుంది. ‘మార్చి 3న మా ఊరి ఆసుపత్రిలో చేరిన 92 ఏళ్ల వయొలిన్ మాస్టారు’ అంటే పేరు లేకున్నా ఊరంతా పోల్చుకుంటుంది. ‘90 దాటిన ఒక పెద్దాయన’ అంటే చాలు. అసలు చెప్పాల్సింది రోగి వివరాలు కాదు, ఆయన దగ్గర మీరేం నేర్చుకున్నారన్నదే.