కృష్ణ మొగలలో చేపల మేత

భవానీపురము వద్ద కృష్ణ మంచినీటి నది. అచ్చటినుండి 1957లో పూర్తియైన ప్రకాశం బరాజు దాటి, దివిసీమ చేరి, హంసలదీవి వద్ద దాని పాయ యొకటి సముద్రమున కలియుచున్నది. ఉప్పునీరు, మంచినీరు కలియు ఇట్టి మొగలలోనికి పోటు వచ్చినపుడు చేపలు మేతకై ప్రవేశించి, పాటుతో మరలును.

అన్ని చేపల మేత యొకటి కాదు. కొయ్యంగ అడుగు బురదను నోట తీసికొని, అందలి సూక్ష్మమైన నాచును, కుళ్ళిన ఆకుల పొడిని మ్రింగును. దాని కడుపులో కోడి కందనకాయ వంటి దళసరి కండ గలదు; మ్రింగిన ఇసుకయే తిరుగలివలె మేతను నలుగగొట్టును. పాలబొంత అడుగున పెరుగు నాచు పొరలను తినును. పండుగప్ప పిల్లగా నున్నపుడు సన్నని నీటిపురుగులను, పెరిగిన పిమ్మట రొయ్యలను, చేపలను వేటాడును.

మడచెట్టు ఆకు రాలి నీట కుళ్ళగా దానిని సూక్ష్మజీవులు పట్టును. ఆ పొడిని రొయ్యపిల్లలు, కొయ్యంగలు తినును. వానిని పండుగప్ప తినును. కాన మడ అడవిని నరకుట జాలరి వలను కోయుటయే.

పంచాయతీ సభ్యులు చేయదగినవి మూడు గలవు. వంటచెరకునకై మడచెట్లను నరకనీయరాదు. దోమతెర వంటి సన్నకన్ను వలలతో చేపపిల్లలను పట్టనీయరాదు. పురుగుమందు డబ్బాలను మురుగుకాలువలలో కడుగనీయరాదు. డెల్టా మురుగునీరు తుదకు చేరునది సముద్రతీరమునకే. ఎగువ గ్రామమున కడిగిన డబ్బా దిగువ గ్రామమున వలకు చేటు.