ఉల్లికి జీవామృతం: ఖర్చు తగ్గినా ధర మాటేమిటి?

నర్సీపట్నం: ఉల్లి రైతుకు పంట చేతికొచ్చే దాకా ఎరువుల బెంగ, వచ్చాక ధర బెంగ. 2025 ఖరీఫ్‌లో కర్నూలు యార్డులో ధర పడిపోగా ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనుగోలుకు దిగవలసి వచ్చింది. అమ్మకం ధర రైతు చేతిలో లేదు. పెట్టుబడి కొంతవరకు ఉన్నది.

రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రచారం చేస్తున్న ద్రవ జీవామృతానికి, ఇంట ఆవు ఉన్నవారు కొనవలసినవి బెల్లం, పప్పుల పిండి మాత్రమే. ఎకరాకు 200 లీటర్ల నీటిలో పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పిండి 2 కిలోలు, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడన 48 గంటలు పులియబెట్టాలి. వారంలోగా వాడాలి. బెల్లానికి అనకాపల్లి మార్కెట్టు ఉండనే ఉన్నది.

అయితే ఇందులో పోషకాలు స్వల్పం. నేలలోని సూక్ష్మజీవులకు ఇది ఊతం. మాగిన పశువుల ఎరువు ముందుగా వేయనిదే పాయ ఊరదు. యూరియా ఆలస్యంగా, అధికంగా వేస్తే పాయ మెడ లావై నిల్వలో కుళ్లుతుంది. కోతకు 10, 15 రోజుల ముందు తడులు ఆపి, నీడన ఆరబెట్టిన సరుకే నిలుస్తుంది.

వేలం పాటలో సైజు, రంగు, తడి చూస్తారు గాని ఏ ఎరువుతో పండిందని అడగరు. కనుక లాభం చూసుకోవలసింది ధరలో కాదు, మిగిలిన ఎరువు ఖర్చులోను, తగ్గిన తరుగులోను. తొలి ఏడాది అర ఎకరంలో వేసి చూడడం క్షేమం.