రక్తపరీక్షతో పాడిని అంచనా వేయగలమా?

పశువుల సంతలో గేదెను కొనేవాడు పొదుగు తడిమి, పొట్ట క్రింది పాలనరాన్ని వ్రేలితో నొక్కి చూచి, ఎన్నో ఈతో అడిగి బేరమాడుతాడు. అమ్మేవాడు ముందుపూట పాలు పిదకకుండా ఆపి ఉంచితే ఆ పొదుగు చెప్పే సాక్ష్యం సగం అబద్ధమే. అప్పు తెచ్చి కొన్న కుటుంబానికి అది చాల ఖరీదైన అబద్ధం. మరి కొద్దిపాటి రక్తాన్ని పరీక్షించి పాడిని ముందుగా చెప్పగలమా?

పాలకు ముడిసరుకు రక్తమే. ఒక లీటరు పాలు తయారు కావడానికి సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించాలి. రక్తంలోని గ్లూకోజు పొదుగులో లాక్టోజుగా మారి నీటిని తనవైపు లాగుకుంటుంది. కాబట్టి పాల పరిమాణం ప్రధానంగా గ్లూకోజు మీద ఆధారపడుతుంది. అయితే గ్లూకోజు ఎక్కువున్న ఆవు ఎక్కువ పాలివ్వాలి గదా! చిక్కంతా ఇక్కడే ఉన్నది. లీటరు పాలకు సుమారు 70 గ్రాముల గ్లూకోజు కావాలి. అంటే 10 లీటర్లిచ్చే ఆవుకు రోజుకు 700 గ్రాములు. కాని ఏ క్షణంలో చూచినా దాని రక్తమంతటిలో ఉండేది 20 గ్రాములకు మించదు. కాలేయం తయారు చేస్తూనే ఉంటుంది, పొదుగు తీసుకుంటూనే ఉంటుంది. చెరువులో నీటిమట్టం చూచి తూములో ఎంత నీరు పారుతున్నదో చెప్పలేము.

ఇంగ్లండులోని కాంప్టన్‌లో పేన్, ఆయన సహచరులు రూపొందించి 1970లో ప్రకటించిన రక్తపరీక్ష ఈ పరిమితిని గుర్తెరిగినదే. మందలో అధికంగా పాలిచ్చేవి, మధ్యస్థంగా ఇచ్చేవి, వట్టిపోయినవి ఏడేసి చొప్పున ఎంచి గ్లూకోజు, యూరియా, ఆల్బుమిన్, కాల్షియం మొదలైనవి కొలిచేవారు. యూరియా తగ్గితే మేతలో మాంసకృత్తులు చాలలేదని అనుమానించవచ్చు. ఇది మంద పోషణకు పరీక్ష. సంతలోని ఒంటి గేదెకు జాతకం కాదు. అక్కడ వరుసగా మూడు పూటలు ఎదుట పిదికించి కొలుచుకోవడమే మేలు.

ఈనిన తొలి వారాలలో మాత్రం రక్తం కొంత జోస్యం చెప్పగలదు. మేత చాలక ఒంటి కొవ్వు కరిగినపుడు కీటోనులు పెరుగుతాయి. బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే, పైకి ఆరోగ్యంగా కనిపించే ఆవు కూడ రోగం అంచున ఉన్నట్లే.

పుట్టుకతో వచ్చిన పాడి శక్తిని తెలిపేది రక్తకణాలలోని డి.ఎన్.ఎ. అమెరికాలో 2009 నుండి హోల్‌స్టీన్, జెర్సీ దూడలకు సైతం ఈ పద్ధతిలో అధికారికంగా విలువ కడుతున్నారు. మన దేశవాళీ ఆవులకై హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన ‘ఇండిగౌ’ చిప్ 2021లో విడుదలైనది. అయితే చిప్ చూపే గుర్తులను వేలాది ఆవుల పాల లెక్కలతో పోల్చినప్పుడే వాటికి అర్థం. మన పల్లెలలో పాలకేంద్రం పుస్తకంలో ఉండేది ఇంటి లెక్క. ఏ ఆవు ఎంత ఇచ్చిందో విడిగా వ్రాసి ఉంచే ఇల్లు అరుదు.